చారాణా గుడారం

నేను దుబారా మనిషిని కాను. నా జబ్బంతా అక్కడే ఉంది. దుబారా చేసేవాడికి తాను డబ్బులు తగలేస్తున్నానన్న సంగతి కనీసం తెలుస్తుంది. నాబోటి పొదుపరికి అదీ తెలియదు. కొన్న ప్రతిదాన్నీ ఆదా కింద రాసుకుంటాడు. నెలాఖరున జేబు తడుముకుని, ఇంత ఆదా చేస్తే ఇంకా మిగలాలి కదా అని తెల్లబోతాడు. పైగా నేను చెప్పేది కామర్స్. ప్రైవేటు జూనియర్ కాలేజీలో పిల్లలకు జమాఖర్చులు నేర్పి, ఆ జీతంతో హనుమకొండలో కాపురం చేస్తున్నాను.

2024లో మేడారం జాతర ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా పడింది. అమ్మకు మోకాళ్లు సహకరించినన్నాళ్లే అని, ఈసారి అందరం పోదామనుకున్నాం. అందరం అంటే నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, అమ్మ, చిన్నమ్మ. బుధవారం పోయి శుక్రవారం రాత్రికి తిరిగి రావాలి. మా ఆవిడ ఖర్చుకు ఆరు వేలు లెక్కగట్టింది. "దీని మీద ఒక్క రూపాయి ఎక్కువైనా అది పిల్ల ఫీజులకెల్లి పోయినట్టే" అంది. బస్సు ఖర్చు గురించి బెంగ లేదు. ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితం చేసిన మహాలక్ష్మి పథకం అంతకు రెండు నెలల ముందే వచ్చింది, జాతర బస్సులకూ వర్తించింది. అమ్మకు, చిన్నమ్మకు, మా ఆవిడకు, కూతురికి జీరో టికెట్లు. నాకూ కొడుక్కూ మాత్రమే డబ్బులు. ఆ మిగిలింది చూసుకునే నాకు ధైర్యం వచ్చిందని ఇప్పుడు అనిపిస్తుంది.

కోటి మందికి పైగా వచ్చే చోట గదులు దొరకవు. దొరికితే ఆ అద్దె మనం భరించేది కాదు. కాబట్టి మేడారంలో పేదా గొప్పా అందరూ పొలాల్లోనే దిగుతారు. పైన ఏదో ఒక గుడ్డ, కింద ఏదో ఒక చాప. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. చిన్నప్పుడు పరకాల దగ్గరి మా ఊరి నుంచి ఎడ్లబండి మీద పోయినవాణ్నే.

ఆ బండి గురించి కొంచెం చెప్పాలి. బాపు ఎడ్ల మేత కోసమని బండి నిండా వరిగడ్డి పరిచేవాడు. దారి పొడుగునా మేం కూర్చునేది ఆ గడ్డి మీదే. మేడారంలో దిగి, ఎడ్లను విప్పి, బండి కాడిని ఒక గుంజకు ఆనించి, పైన పాత పరదా కప్పితే అది ఇల్లు. బండి కిందా పక్కనా గడ్డి పరిస్తే అది పరుపు. తెల్లారి లేచాక ఆ పరుపులోంచే రెండు చేతుల నిండా తీసి ఎడ్లకు వేసేవాడు. తిరిగొచ్చే నాటికి పరుపు సగం వాటి కడుపులోకి పోయేది, బండి తేలికయ్యేది. అమ్మ సర్దిన దాంట్లో ఒకే ఒక్క పనికి వచ్చే వస్తువు ఉండేది కాదు. సామాను మూటగట్టిన చెద్దరే రాత్రి కప్పుకునేది. ఎడ్లను కట్టే పలుపు మిగిలితే దాని మీద తడి బట్టలు. అడ్డంగా కట్టిన చీర పొద్దున ఆడవాళ్లకు చాటు, మధ్యాహ్నం చెల్లెకు ఉయ్యాల. దీనికి ఎవరూ ప్లాన్ వేయలేదు. ఇంట్లో ఉన్నవే అన్నీ.

ఇంత తెలిసినవాణ్ని కదా, జాతర నెల ఉందనగా ఏం చేశానంటే, రాత్రిపూట మంచంలో పడుకుని ఫోన్‌లో గుడారాల వీడియోలు చూడటం మొదలుపెట్టాను. ఎక్కడో చల్లటి కొండ అంచున ఒక కుటుంబం. ఆకుపచ్చ గోపురం గుడారం, దాని ముందు చిన్న స్టవ్, స్టవ్ మీద కాఫీ. సంచులు నీటుగా, పిల్లలు శుభ్రంగా. ఆ పక్కనే ధర. అంతకు ముందున్న ధర మీద గీత కొట్టి ఉంది. ఆ గీతకు నేను పడిపోయాను.

మా ఆవిడ చెప్పకపోలేదు. "మా అన్నోళ్ల ఇంట్ల పత్తి మీద కప్పే పెద్ద టార్పాలిన్ ఉంది కదండీ. ఫోన్ చేస్తే ఎవలితోనన్న పంపిస్తడు."

"పండగ పూట ఒకరిని అడుక్కునుడెందుకు?" అన్నాను.

అసలు మాట అది కాదు. ఆ టార్పాలిన్ నాకు కళ్లకు కట్టినట్టు కనిపించింది. ఒక మూల చిరిగి తీగతో కుట్టి ఉంటుంది, మడతల్లో పత్తి గింజలుంటాయి. కాలేజీలో తోటి లెక్చరర్లు కార్లలో వస్తారు, ఎక్కడో ఒకచోట ఎదురుపడతారు, ఆ నీలిరంగు పట్టా కింద లుంగీ కట్టుకుని కూర్చున్న నన్ను చూస్తారు. నా ఆలోచన అంతవరకే పోయింది. పొదుపు అన్నది పైపైన వేసిన ముసుగు.

గుడారం 2,200. ఆరుగురికి సరిపోతుందని రాసి ఉంది. కొలతలూ ఇచ్చారు, రెండున్నర మీటర్ల పొడవు, రెండు మీటర్ల ఇరవై సెంటీమీటర్ల వెడల్పు. కామర్స్ చెప్పేవాణ్ని, రెండున్నర మీటర్లను ఆరుతో భాగించడం రాదా? మనిషికి 42 సెంటీమీటర్లు కూడా రాదు. గుడారాలు చేసేవాళ్లు సన్నటి పరుపులు పక్కపక్కన ఎన్ని పడతాయో చూసి ఆ అంకె వేస్తారు. సంచులకు, చెప్పులకు, నిద్రలో పక్కకు తిరగడానికి అందులో చోటు లెక్కలోకి రాదు. తెలిసినవాళ్లు రాసిన సంఖ్యలోంచి ఇద్దరిని తీసేసి చూసుకుంటారట. ఇది నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం ఇంకో భాగహారం చేశాను. జాతర రెండేళ్లకోసారి. గుడారం పది జాతరలకు వస్తుంది. అంటే జాతరకు 220 రూపాయల తరుగుదల. మనిషికి 37 రూపాయలు కూడా పడదు. ఎక్సెల్ షీటులో ఆ అంకె చూసి ఎంత మురిసిపోయానో చెప్పలేను. ఇరవై ఏళ్ల పాటు ఆ పల్చటి పాలియెస్టర్ బతుకుతుందా, అప్పటికి అమ్మ ఉంటుందా, పిల్లలు మాతో వస్తారా అన్నవి ఏ గడిలోనూ పట్టలేదు.

గుడారం వచ్చాక దానికి తోడు కావాలి కదా. కింద నేల గట్టిగా ఉంటుందని గాలి పరుపు, 1,350. నోటితో ఊదితే తెల్లారుతుందని పంపు, 400. కట్టెల పొయ్యి పెడితే గుడారం పాడవుతుందని చిన్న గ్యాస్ స్టవ్, 1,100. ఆ స్టవ్‌కు ఇంట్లో సిలిండర్ సరిపోదు, దానికి వేరే డబ్బాలు, నాలుగింటికి 480. దీపం 650, దీపంలోకి బ్యాటరీలు 160. మడతపెట్టే నీళ్ల క్యాను 350. స్లీపింగ్ బ్యాగులు చూశాను గానీ ధర చూసి వెనక్కి తగ్గాను. దాని బదులు వెండిరంగు రేకు దుప్పట్లు రెండు, 300. మనిషి ఒంటి వేడిని బయటికి పోనివ్వవని రాసి ఉంది. కూడితే 6,990. ఇంకా బెల్లం కొనలేదు, కొబ్బరికాయ కొనలేదు, కోడి కొనలేదు. ఆరు వేల బడ్జెట్ ఇల్లు దాటకుండానే అయిపోయింది.

అన్నీ కాలేజీ అడ్రసుకే తెప్పించాను. ఇంటికి ఒక్కొక్కటిగా, బ్యాగులో అడుగున పెట్టుకుని మోశాను. మా ఆవిడ అడిగితే గుడారం పన్నెండు వందలన్నాను. పరుపు ఒక స్నేహితుడు ఇచ్చాడన్నాను. స్టవ్ పాతదన్నాను. మిగతా అంకెల్ని షీటులో "ఇంటి మరమ్మతులు" అన్న గడిలోకి జరిపాను. పద్దు ఒక ఖాతాలోది ఇంకో ఖాతాలో రాస్తే ఏమంటారో ఏటేటా పిల్లలకు చెబుతుంటాను. పరీక్షల్లో ఆ ప్రశ్న తరచుగా వస్తుంది.

ముందుగా మేడ మీద ఒకసారి గుడారం వేసి చూసుకోవాల్సింది. చూడలేదు. అట్టపెట్టె విప్పితే వాపసు తీసుకోరని రాసి ఉంది. వాపసు ఇచ్చే ఉద్దేశం లేకపోయినా ఆ హక్కు పోగొట్టుకోవడం నష్టమనిపించింది.

పోయే రోజు పొద్దున అమ్మ తన మూట కట్టుకుంది. ఒక బొంత, బాపు గొంగడి, అన్నం వండే గంజు, ఇనుప పెనం, ఉప్పూ కారం కలిపిన డబ్బా. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి కుట్టిన బొంత అది. ఒక్కో పొర మధ్య గాలి నిలుస్తుంది, అందుకే చలి ఆగుతుంది. గొంగడి సంగతి చెప్పక్కర్లేదు. దక్కనీ గొర్రెల బొచ్చుతో నేసింది, మంచు పడ్డా పైపైనే ఉంటుంది, లోపలికి దిగడానికి చాలా సేపు పడుతుంది. గొర్లకాపర్లు రాత్రంతా దాని కిందే వెళ్లదీస్తారు. ఆ గొంగడిని నేను మూటలోంచి తీసి మంచం మీద పెట్టాను. "బస్సుల గీ గొంగడెందుకమ్మా, వాసనొస్తది. నేను కొత్తయి కొన్న" అన్నాను. అమ్మ ఏమీ అనలేదు. గంజు కూడా తీస్తుంటే మాత్రం చేయి పట్టుకుంది.

ములుగు దగ్గర గట్టమ్మకు బస్సులోంచే దండం పెట్టుకున్నాం. పస్రా, తాడ్వాయి దాటి మేడారంలో దిగేసరికి ఎండ ముదిరింది. చిన్నమ్మ వాళ్ల ఊరివాళ్లు ట్రాక్టర్ కట్టుకుని ముందే వచ్చి ఊరట్టం వైపు ఒక పొలంలో దిగారు. వాళ్ల పక్కనే చోటు ఆపారు. కోసిన వరిపొలం. కొయ్యకాళ్లు బాగా ఎండి, చెప్పులోంచి కూడా గుచ్చుకుంటున్నాయి.

వాళ్ల ఏర్పాటు పది నిమిషాల పని. ట్రాలీ ఒక పక్క పట్టి నుంచి టార్పాలిన్ లాగి, రెండు వెదురు బొంగుల మీద ఎత్తి, తాళ్లు గుంజలకు కట్టారు. ఒక కుర్రాడు గడ్డపారతో బొంద చేస్తుంటే ఇంకొకడు గుంజ దింపి మట్టి తొక్కాడు. కింద మందంగా వరిగడ్డి, దాని మీద ఇంకో పట్టా, దాని మీద చాపలు. పక్కలు వదిలేశారు. నేను పక్కనే అట్టపెట్టె విప్పి కాగితం చదువుతున్నాను.

మేకులు సన్నటి ఇనుప చువ్వలు. ఎండిన నల్లరేగడి. ఒక్కటి దిగలేదు. రాయితో కొడితే వంగాయి. చిన్నమ్మకు మరిది కొడుకు వరసయ్యే కుర్రాడు కాసేపు చూసి చూసి వచ్చాడు. "అన్నా, గవి దిగయి. గడ్డపార ఇయ్యనా?"

"వద్దు తమ్మీ, దీనికి టెక్నిక్ ఉంటది" అన్నాను.

ఆ టెక్నిక్ దొరికేసరికి చీకటి పడింది. కన్నెపల్లి నుంచి సారలమ్మ గద్దెకు చేరే వేళ అది. ఇంట్లోవాళ్లంతా ట్రాక్టర్ వాళ్లతో కలిసి పోయారు. డప్పుల మోత వినిపిస్తూనే ఉంది. నేను మోకాళ్ల మీద కూర్చుని గడ్డపారతో చేసిన బొందల్లో వంగిన మేకులు పాతుతున్నాను. గడ్డపార ఎవరిదో చెప్పక్కర్లేదు.

రాత్రి ఆరుగురం లోపలికి దూరాం. దూరాం అనే అనాలి. అందరం ఒకే పక్కకు తిరిగి పడుకుంటే ఎలాగో పట్టాం, ఒకరు తిరిగితే అందరూ తిరగాలి. గాలి పరుపు ఇద్దరికే వచ్చింది, అమ్మనూ చిన్నమ్మనూ దాని మీద పడుకోబెట్టాను. పావుగంటకు ఎక్కడో సన్నగా బుస్సుమన్న శబ్దం. గుడారం అడుగు గుడ్డలోంచి ఒక కొయ్యకాలు పైకి వచ్చి పరుపుకు తగిలింది. చిన్నమ్మ మెల్లగా నేల మీదికి దిగిపోయింది. "గిదేంది బిడ్డా, పంటున్నంటే కిందికి పోతున్న" అంది. రేకు దుప్పటి తీసి అమ్మకు కప్పాను. కదిలినప్పుడల్లా కరకరమని చప్పుడు. "నన్ను చాక్లెట్‌కు కాయిదం సుట్టినట్టు సుట్టినవురా" అని నవ్వింది. పిల్లలు దొర్లి దొర్లి నవ్వారు, దాంతో గుడారం ఒక పక్క మేకులు లేచాయి.

నవ్వు ఎంతోసేపు లేదు. మాఘమాసం, అడవి, పైన ఆకాశం తేటగా ఉంది. అర్ధరాత్రి దాటాక చలి కింది నుంచి వచ్చింది. మనిషి పడుకున్నప్పుడు వేడి ఎక్కువగా నేలలోకే పోతుంది. పైన ఎన్ని కప్పినా కింద దళసరిగా ఏదో ఒకటి లేకపోతే లాభం లేదు. గడ్డి చేసే పని అదే. గాలి పోయిన పరుపు ఆ పని చేయదు. గాలి ఉన్నా అంతంతమాత్రమే, లోపలి గాలి ఖాళీగా తిరుగుతూ నేల చల్లదనాన్ని పైకి మోస్తుంది. ఇదీ ఒక బాధ అయితే, ముఖం మీద చినుకు పడింది. వానేమో అనుకుని బయటికి తల పెట్టాను. నక్షత్రాలు. చినుకులు లోపలే పడుతున్నాయి. మా గుడారానికి ఒకే పొర. మంచి గుడారాలకు లోపల గాలాడే వల పొర ఒకటి, పైన నీళ్లాపే పొర ఇంకొకటి, మధ్యలో ఖాళీ ఉంటాయి. ఒకటే పొర అయితే ఆరుగురి ఊపిరిలోని తేమ పోయే దారి లేక, బయటి చలికి చల్లబడ్డ గుడ్డకు పట్టి, నీటి బొట్లై కారుతుంది. ఆ గుడ్డ వాననీళ్లు లోపలికి రానివ్వదని రాసింది నిజమే. లోపలి నీళ్లను బయటికీ పోనివ్వదు.

మొదట లేచింది అమ్మ. "కాళ్లు గుంజుతున్నయ్" అని గొణిగి, జిప్పు వెతుక్కుని బయటపడి, ట్రాక్టర్ వాళ్ల పట్టా కిందికి పోయింది. వాళ్ల ముసలాయన లేచి తన గొంగడి ఇచ్చాడట. కాసేపటికి చిన్నమ్మ. తర్వాత కొడుకు చలికి ఏడిస్తే వాణ్ని ఎత్తుకుని మా ఆవిడ. వెనకాలే కూతురు, తన చెద్దర్ తనే పట్టుకుని. నేను పోలేదు. ఏ ముఖం పెట్టుకుని పోను? ఒక్కడినే కాళ్లు బార్లా చాపుకుని పడుకున్నాను. ఆరుగురి గుడారం ఒకడికి చక్కగా సరిపోయింది.

గురువారం వంట. కోడి నాటుది, ముదురుది. మా చిన్న స్టవ్ మీద గంజు పెడితే స్టవ్ కనిపించలేదు. గాలికి మంట ఒక పక్కకే పోతోంది. అడ్డం పెట్టడానికి అట్టపెట్టె వాడాను, దాని అంచు అంటుకుంది. ఇంకో చిక్కు, ఆ డబ్బాల్లో ఉండేది ఎక్కువగా బ్యూటేన్. సున్నా డిగ్రీల దగ్గర అది ద్రవం నుంచి గ్యాసుగా మారుతుంది. మండుతున్న కొద్దీ డబ్బా తనను తాను చల్లబరుచుకుంటుంది, చల్లబడ్డ కొద్దీ గ్యాసు తయారవడం తగ్గుతుంది, మంట సన్నగిల్లుతుంది. పట్టుకుని చూస్తే డబ్బా చల్లగా తగిలింది. రెండో డబ్బా ఎక్కించాను, మూడోది ఎక్కించాను. ముక్క మాత్రం ఇంకా సాగుతూనే ఉంది. అమ్మ చూసి చూసి మూడు రాళ్లు ఏరుకొచ్చింది. పక్కవాళ్ల తుమ్మకట్టెలు నాలుగు తెచ్చి అంటించింది. గంజు దాని మీదికి మార్చింది. అప్పుడన్నది, పోయే రోజు పొద్దున్నుంచీ దాచుకున్న మాట: "చారాణా కోడికి బారాణా మసాలా అంటే గిదే కొడుకా."

ఇంతవరకు చెప్పింది నలుగురిలో చెప్పుకుని నవ్వుకోదగ్గదే. కాలేజీలో స్టాఫ్ రూములో నేనే చాలాసార్లు చెప్పాను, చలి గురించీ కోడి గురించీ. ఇప్పుడు చెప్పబోయేది అక్కడ చెప్పలేదు.

గురువారం సాయంత్రం సమ్మక్క చిలకలగుట్ట దిగి వస్తుంది. మేడారం పోవడమంటేనే అది. పూజారులు గుట్ట మీదికి పోయి, కుంకుమ భరిణె రూపంలో తల్లిని తెస్తారు. గుట్ట దిగగానే జిల్లా ఎస్పీ గాల్లోకి తుపాకీ పేల్చి స్వాగతం పలుకుతాడు. దారి పొడుగునా జనం, ముగ్గులు, ఎదురుకోళ్లు, శివసత్తుల పూనకాలు. నాకు ఏడెనిమిదేళ్లప్పుడు బాపు భుజాల మీద కూర్చుని చూశాను. మళ్లీ ఎన్నోసార్లు వచ్చినా జనంలో అంత దగ్గరికి పోలేకపోయాను. ఈసారి పోవాలని, కొడుకును భుజాల మీద ఎక్కించుకోవాలని ఇంటి దగ్గరే అనుకున్నాను. వాడికి చెప్పాను కూడా.

మధ్యాహ్నం నుంచే అందరూ బయల్దేరుతున్నారు. ట్రాక్టర్ వాళ్లు ఉన్నవి ఉన్నట్టు వదిలి పోతున్నారు. గడ్డి, చాపలు, మసిబారిన గిన్నెలు. వాటిని ఎవరెత్తుకుపోతారు? నా గుడారంలో స్టవ్ ఉంది, దీపం ఉంది, పంపు ఉంది. అన్నీ కొత్తవి. గుడారానికి జిప్పు ఉంటుంది గానీ తాళం ఉండదు. సూట్‌కేసు తాళం ఒకటి జిప్పు రింగులకు వేసి చూశాను. వేశాక అర్థమైంది, బ్లేడుతో ఒక్క గీత గీస్తే చాలని.

"మీరు పోండ్రి. నేను సామాన్ల కాడ ఉంట" అన్నాను.

మా ఆవిడ నా వైపు చూసింది. "ఏముందండీ గండ్ల, పన్నెండు వందల గుడారం, ఎవలో ఇచ్చిన పరుపు. పోతే పోనీ."

అది 6,990 అని అప్పుడు చెప్పి ఉంటే? చెప్పలేదు. కడుపు నొప్పి అన్నాను. కొడుకు నా చేయి పట్టుకుని లాగాడు. "డాడీ, భుజాల మీద అన్నవు కదా." ట్రాక్టర్ కుర్రాడు వాణ్ని ఎత్తుకుని తన భుజాల మీద కూర్చోబెట్టుకున్నాడు. వాడు వెనక్కి తిరిగి ఒకసారి చూసి, తర్వాత ఆ కుర్రాడి జుట్టు గట్టిగా పట్టుకున్నాడు.

పొలం అంతా ఖాళీ అయింది. కనుచూపు మేర పట్టాలు, బండ్లు, ఆరిన పొయ్యిలు. నేను గుడారం ముందు నీళ్ల క్యాను పక్కన కూర్చున్నాను. క్యాను అతుకు దగ్గర కారుతోంది, కింద మట్టి తడిసింది. చీకటి పడుతుండగా దూరంగా తుపాకీ శబ్దాలు. వెంటనే జనం అరుపు, ఎక్కడి నుంచి అని చెప్పలేం, అన్ని వైపుల నుంచీ. నేను లేచి నిలబడి ఆ దిక్కుకు దండం పెట్టాను. రెండు చేతులూ ఎత్తాక గుర్తొచ్చింది, ఒక చేతిలో పంపు ఉంది.

రాత్రి వాళ్లు తిరిగొచ్చాక కొడుకు ఒకటే చెప్పడం. ఎదురుకోడి వాడి పక్కన వాళ్ల తల మీది నుంచి ఎగిరిందట. పోలీసు మామ పైకి పేల్చాడట. భుజాల మీది నుంచి అంతా కనిపించిందట. "నువ్వు రాకుంట మంచిగ చేసినవు డాడీ, గా అన్న నీ కంటె పొడుగున్నడు" అన్నాడు.

శుక్రవారం మొక్కు. నిలువెత్తు బంగారం, అంటే బెల్లం, మొక్కింది కూతురి కోసం. జంపన్నవాగులో స్నానం చేసి, పిల్లను తూచిన బెల్లం మోసుకుని గద్దెల దగ్గరికి పోవాలి. మొయ్యడానికి నేను తప్పనిసరి. గుడారాన్ని దిక్కూ మొక్కూ లేకుండా వదిలి పోయాం. తోపులాటలో గద్దెల దగ్గర బెల్లం విసిరి, కాస్త ప్రసాదం దక్కించుకుని, సాయంత్రానికి తిరిగొచ్చాం. జిప్పు తెరిచి చూస్తే అన్నీ ఉన్నాయి. ఒక్కటీ పోలేదు. ఒకటైనా పోయి ఉంటే కాపలా కాయడానికి కారణం దొరికేది, ఆ సంతోషమూ దక్కలేదు.

వచ్చేటప్పుడు ట్రాక్టర్ వాళ్లను మా వాటా ఎంతని అడిగాను. కట్టెలు, గడ్డి, ఉప్పూ పప్పూ, అన్నీ వాళ్లవే వాడుకున్నాం. ముసలాయన వేళ్ల మీద లెక్కపెట్టి మూడు వందలన్నాడు. నేను ఐదు వందల నోటు ఇస్తే రెండు వందలు తిరిగి ఇచ్చాడు. "లెక్క లెక్కనే సారూ" అన్నాడు. గుడారం మడిస్తే మళ్లీ ఆ సంచిలో పట్టలేదు. ఎలా మడిచినా ఒక చెయ్యెడు బయటికే ఉంది. ఆ మిగిలింది చంకలో పెట్టుకుని బస్సెక్కాను.

అప్పటి నుంచి గుడారం మేడ మీద ఉంది. వేసవిలో అమ్మ దాని కింద ఒడియాలు ఎండబెడుతుంది. కాకులు రావు, దుమ్ము పడదు. వల కిటికీల్లోంచి ఎండ తగినంత తగులుతుందని మెచ్చుకుంది కూడా. పంపుతో కొడుకు సైకిల్ ట్యూబుకు గాలి కొట్టబోయాడు, పట్టలేదు. స్టవ్ నేనే ఎవరికీ చెప్పకుండా ఒక విద్యార్థికి ఇచ్చేశాను. వాడు హాస్టల్లో గుడ్లు ఉడకబెట్టుకుంటాడట. 2026 జనవరి జాతరకు ముందు మా ఆవిడే వాళ్ల అన్నకు ఫోన్ చేసి టార్పాలిన్ తెప్పించింది. నాకు తాడు కొనే పని ఒక్కటి ఒప్పజెప్పారు. వరంగల్ చౌరస్తాలో ఒక దుకాణం ముందు నిలబడి నైలాన్ తాడా, కొబ్బరి తాడా, మీటరుకు ఎంత తేడా అని చాలాసేపు లెక్క వేశాను. ఇది మానుకోలేని జబ్బని అక్కడే తేలింది. తాడుతో పాటు కొక్కేలు కొంటే పది శాతం తగ్గిస్తానన్నాడు. కొన్నాను.

ఆ జాతర నుంచి వచ్చిన వారంలోనే అసలు సంగతి బయటపడింది. కూతురు స్కూల్ ప్రాజెక్ట్ కోసం నా ల్యాప్‌టాప్ తెరిచి, ఎక్సెల్‌లో పాత షీటు చూసింది. "మమ్మీ, రెండేళ్ల కింద మనం ఇల్లు రిపేర్ చేయించినమా?" అని అడిగింది. మా ఆవిడ చేయి తుడుచుకుంటూ వచ్చి తెర ముందు కూర్చుంది. ఒక్కో గడీ చదివింది. నేను పక్కనే ఉన్నాను, పోవడానికి దారి లేదు.

డబ్బుల గురించి ఒక్క మాట అనలేదు. కడుపు నొప్పి గురించి అడిగింది. "గా రోజు పోరడు భుజాల మీద కూసుంటనంటే రాకుంట కూసున్నది దీని కోసమేనా?"

అవునన్నాను.

చాలాసేపు తర్వాత వేలు పెట్టి ఒక గడి చూపించింది. ఇంటి మరమ్మతులు, వంటింటి నల్లా, 1,350. అది గాలి పరుపు. "నల్లా బాగు చేయించిన్రనుకున్న. మళ్ల కారుతుందేందని రెండేండ్ల సంది నేనే గుడ్డ కడుతున్న" అంది.

మర్నాడు పొద్దున్నే ప్లంబర్‌ను పిలిచాను. వాషర్ మార్చాడు. నూటయాభై తీసుకున్నాడు.